ఆరెంజ్ మన మాటేనా? క్లాసులో పాప ఏం చెప్పాలి?

ప్రశ్న: మేం నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో ఉంటున్నాం. మా అమ్మాయికి పదకొండేళ్లు. ఇక్కడి బడిలో పిల్లలు ఒక్కొక్కరూ ఏదో ఒక విషయం మీద క్లాసు ముందు నిలబడి మాట్లాడాలి. ఏప్రిల్‌లో రాజుగారి పుట్టినరోజు పండగ వస్తోంది, ఊరంతా నారింజ రంగు బట్టలే. అందుకని పాప డచ్‌లో ఆరెంజ్‌ని చెప్పే 'ఒరాన్యె' అనే మాటనే ఎంచుకుంది. ఆరెంజ్ అంటే మన నారింజే, యూరప్ మొత్తానికీ ఈ మాట ఇచ్చింది తెలుగువాళ్లే అని చెప్పమన్నాను. 'అలా ఎక్కడా రాయలేదు నాన్నా, టీచర్ అడిగితే ఏం చెప్పాలి' అని టెన్షన్ పడిపోతోంది. మా ఆఫీసులో తమిళ మిత్రుడు అది తమిళ మాట అంటాడు, కేరళ అతను మలయాళం అంటాడు. డచ్ సహోద్యోగి అయితే అది ఫ్రాన్స్‌లో ఒక ఊరి పేరు, పండుకీ దానికీ సంబంధమే లేదు అన్నాడు. పైగా ఇక్కడ పండుని ఒరాన్యె అనరు, 'సీనాస్‌ఆపెల్' అంటారు. వాట్సాప్‌లో ఏనుగు కథ ఒకటి తిరుగుతోంది. ఇందులో ఏది నిజం? పాపతో ఏం చెప్పించమంటారు? క్యారెట్‌కి ఆ రంగు డచ్ రాజు కోసమే తెప్పించారట, అది కూడా అడగమంది.
– ఒక తండ్రి

సమాధానం:

మీ అమ్మాయి భయపడింది సరైన విషయానికే. 'యూరప్‌కి ఆరెంజ్ అనే మాట ఇచ్చింది తెలుగువాళ్లు' అని చెప్పాక టీచర్ ఎలా తెలుసని అడిగితే, ఆ పిల్ల దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు. మీ దగ్గరా లేదు, నా దగ్గరా లేదు. అలాగని మీరు చెప్పేది ఉత్త గాలి మాట కూడా కాదు. ఆ మాట ఎక్కడ పుట్టిందని వెనక్కి వెతుక్కుంటూ వెళ్లిన భాషావేత్తల్లో ఎక్కువమంది ఆగింది దక్షిణ భారతదేశం దగ్గరే. ద్రావిడ భాషల్లో తెలుగూ ఒకటి. అంతవరకు పాప ధైర్యంగా చెప్పొచ్చు. ఆ పైన ఒక్క మెట్టు ఎక్కినా కాలు జారుతుంది. ఎందుకో వివరంగా రాస్తాను. వీలైతే ఈ ఉత్తరం చదివేటప్పుడు పాపని పక్కన కూర్చోబెట్టుకోండి, మాట్లాడాల్సింది తనే కదా.

మాట నడిచిన దారిని వెనక్కి పట్టుకుందాం. ఇంగ్లిష్ ఆరెంజ్ ఫ్రెంచ్ నుంచి వచ్చింది. ఫ్రెంచ్‌వాళ్లకి దక్షిణాన ఉన్న ప్రొవెన్సాల్ (దక్షిణ ఫ్రాన్స్ భాష), ఇటాలియన్ మాటల నుంచి అందింది. ఇటలీలో ఈ పండు 'అరాన్‌చా'. స్పెయిన్‌లో 'నరాన్‌హా', పోర్చుగల్‌లో 'లరాన్‌జ', హంగరీలో 'నరంచ్', క్రొయేషియాలో 'నరాంచ'. వీటన్నిటి వెనకా అరబ్బీ మాట 'నారంజ్' ఉంది. అరబ్బీకి ముందు పర్షియన్ 'నారంగ్', దానికి ముందు సంస్కృతం 'నారంగ'. ఇక్కడిదాకా పండితుల్లో పెద్దగా గొడవ లేదు.

మాటతోపాటు చెట్టు కూడా ఇదే దారిలో వెళ్లింది. పదో శతాబ్దంలో బాగ్దాద్‌కి చెందిన అల్ మసూదీ అనే చరిత్రకారుడు నారంజ్ చెట్టు గురించి రాశాడు. హిజ్రీ 300 తర్వాత, అంటే మన లెక్కలో 912 దాటాక, దాన్ని ఇండియా నుంచి తెచ్చి ముందు ఒమన్‌లో నాటారట. అక్కడి నుంచి బస్రా, ఇరాక్, సిరియా దాకా వెళ్లిందట. సొంత గడ్డ మీద ఉన్న సువాసన, రంగు అక్కడ రాలేదని కూడా రాశాడు. అరబ్బులు తమ ఏలుబడిలో ఉన్న సిసిలీకి, స్పెయిన్‌కి ఆ చెట్టుని తీసుకెళ్లారు. అది ఇవాళ మనం ఒలుచుకు తినే తియ్య నారింజ కాదు, చేదు నారింజ. స్పెయిన్‌లోని సెవియ్య నగరంలో వీధుల పొడుగునా ఉండేవి ఆ చెట్లే. ఇంగ్లిష్‌వాళ్లు మార్మలేడ్ చేసుకునేది ఆ కాయలతోనే. ఈ చేదు–తీపి తేడాని పాప గుర్తుపెట్టుకోవాలి, సీనాస్‌ఆపెల్ గుట్టు అందులోనే ఉంది.

నారంజ్ మొదట్లో ఉన్న 'న' ఆరెంజ్‌కి ఎందుకు లేదని క్లాసులో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఇటాలియన్‌లో 'ఒక' అనడానికి 'ఊన' అంటారు. 'ఊన నరాన్‌చా' అని గబగబా పలికితే రెండు 'న'లు కలిసిపోతాయి. వినేవాళ్లకి 'ఊన్ అరాన్‌చా' అన్నట్టు వినిపించి, మాట అరాన్‌చాగా స్థిరపడింది. ఫ్రెంచ్‌కి వెళ్లేసరికి మొదట్లో 'ఒర్' అనే ధ్వని చేరింది. ఫ్రెంచ్‌లో 'ఒర్' అంటే బంగారం, బంగారు రంగు పండు చూసి జనం నాలుక అటు మొగ్గింది. లాటిన్‌లో రాసే పండితులు కూడా బంగారాన్ని తలచుకునే దాన్ని 'ఔరాన్షియం' చేశారు. చేదు నారింజ శాస్త్రీయ నామంలో ఇప్పటికీ ఆ మాట ఉంది. ఇంగ్లిష్‌లో 'ఎ నారెంజ్' అన్నది 'ఎన్ ఆరెంజ్' అయిందని చాలా చోట్ల రాస్తుంటారు. అది సరికాదు. ఇంగ్లిష్‌వాళ్ల చేతికి వచ్చేనాటికే ఆ 'న' పోయింది. ఇంగ్లిష్‌లో అలా జరిగిన మాటలు వేరే ఉన్నాయి: ఇవాళ్టి ఏప్రన్ ఒకప్పుడు నేప్రన్. హంగరీవాళ్లు, క్రొయేషియావాళ్లు, స్పెయిన్‌వాళ్లు మాత్రం పాత 'న'ని పదిలంగా ఉంచుకున్నారు.

ఇప్పుడు మీకు కావాల్సిన చోటికి వద్దాం. సంస్కృతం నారంగ ఎక్కడిది? వేదాల్లో ఆ మాట కనిపించదు, తర్వాతి కాలపు గ్రంథాల్లోనే ఉంది. సంస్కృత ధాతువుల్లో దానికి సరిపడే మూలం దొరకదు. ద్రావిడ భాషల వైపు తిరిగితే మాత్రం చుట్టాలు గుంపుగా కనిపిస్తారు.

మనం టెంకాయ అంటాం కదా. అందులో చివర ఉన్నది 'కాయ'. తమిళంలో అది తేంగాయ్. మలయాళంలో ఆ కాయ అరిగిపోయి 'తేఙ్ఙ' అయింది. మామిడికాయని తమిళులు మాంగాయ్ అంటారు, మలయాళీలు మాఙ్ఙ. పోర్చుగీసువాళ్లు దాన్నే 'మాంగ' అని పట్టుకెళ్తే ఇంగ్లిష్‌లో మ్యాంగో అయింది. ఇప్పుడు నిమ్మజాతి కాయని మలయాళంలో ఏమంటారో చూడండి: నారఙ్ఙ. చెట్టు పేరు నారకం. తమిళంలో నారత్తై, దాని కాయ నార్త్తంగాయ్. ఉప్పులో ఊరేసి ఎండబెట్టి పెరుగన్నంలో నంజుకునేది అదే. అంటే చెట్టు పేరు 'నార'తో మొదలవుతుంది, కాయ పేరు చివర 'కాయ' చేరుతుంది. సంస్కృతం నారంగలో చివర ఉన్న 'ంగ' ఈ కాయే అయి ఉంటుందని భాషావేత్తలు వివరిస్తారు. నాకు ఇది చాలా నచ్చిన వివరణ. ఈ లెక్కన స్పెయిన్‌లో ఒక పిల్లాడు నరాన్‌హా అన్నప్పుడల్లా చివర్లో పలికేది మన కాయనే. పాప క్లాసులో టెంకాయ, మాంగాయ్, నారఙ్ఙ ఈ మూడూ బోర్డు మీద వరసగా రాసి చూపిస్తే చాలు. నిరూపించమని అడిగే టీచర్‌కి అదే మంచి జవాబు.

కానీ చూడండి, ఈ వరసలో ముందుకొచ్చి నిలబడినవి తమిళం, మలయాళం. మన నారింజ కాదు. నారింజ చివర 'జ' ఉంది. పర్షియన్ 'గ'ని అరబ్బులు 'జ' చేసుకున్నారు కాబట్టి నారంగ్ నారంజ్ అయింది. మన నారింజ వినడానికి ఆ నారంజ్‌కే దగ్గరగా ఉంది. రెండు మాటలు ఒకేలా ఉన్నాయంటే ఇక్కడి నుంచి అక్కడికి వెళ్లిందని కాదు, అక్కడి నుంచి ఇక్కడికి తిరిగి వచ్చినా ఒకేలాగే ఉంటాయి. గోల్కొండలో, మచిలీపట్నంలో పర్షియన్ మాట్లాడేవాళ్లు ఎంత కాలం ఉన్నారో మీకు తెలిసిందే. అందుకే 'ఆరెంజ్, నారింజ ఒకేలా లేవూ' అన్నది రుజువుగా నిలవదు. ఈ ఒక్క విషయంలో మీరు కాస్త తగ్గాలని నా కోరిక.

మీ తమిళ మిత్రుడు, కేరళ మిత్రుడు చెప్పేదానికి కూడా ఇదే జవాబు. ఆ మాట బయటికి వెళ్లిన కాలానికి ఎవరు ఏ రూపం పలికారో చెప్పే రాత ఏదీ లేదు. మలయాళం అప్పటికి విడి భాషగా ఏర్పడనేలేదు. 'ద్రావిడ భాషల మాట' అంటే ముగ్గురికీ వాటా ఉంటుంది, పైగా అదే సరైన మాట. ఈ మూలాన్ని పూర్తిగా ఒప్పుకోకుండా ప్రశ్నార్థకం పెట్టే నిఘంటువులూ ఉన్నాయి. అందుకని పాప తన వాక్యంలో 'బహుశా' అని చేర్చాలి. డచ్‌లో దానికి 'వార్‌స్ఖైన్‌లక్' అనే పొడుగు మాట ఉంది. పిల్లలు దాన్ని వాడితే అక్కడి టీచర్లు సంతోషిస్తారు. 'ఈ మాట బహుశా దక్షిణ భారతదేశపు భాషల్లో పుట్టింది. మా ఇంట్లో మాట్లాడే తెలుగు ఆ భాషల్లో ఒకటి' – ఈ రెండు వాక్యాలు నోట్లో నిలిచేలా తనకి నేర్పించండి. వీటిని ఏ టీచరూ కొట్టేయలేరు. వీటిలో గర్వపడటానికి కావాల్సినంత ఉంది.

ఇక డచ్ సహోద్యోగి చెప్పిన ఊరి సంగతి. ఆయన సగం నిజమే చెప్పాడు, ఆ సగం భలే బాగుంటుంది. దక్షిణ ఫ్రాన్స్‌లో ఒరాంజ్ అనే ఊరు ఉంది. రోమన్ల కాలంలో దాని పేరు అరౌసియో. అక్కడి కెల్టు జనం కొలిచిన ఒక దేవుడి పేరు అది. క్రీస్తుపూర్వం 105లో ఆ ఊరి దగ్గర రోమన్ సైన్యం ఉత్తరాది తెగల చేతిలో ఘోరంగా ఓడిపోయింది. రోమన్లు కట్టిన పెద్ద నాటకశాల అక్కడ ఇప్పటికీ నిలబడి ఉంది. అంటే నారింజ చెట్టు యూరప్ మొహం చూడటానికి వెయ్యేళ్ల ముందే ఆ ఊరికి ఆ పేరుంది. పండుకీ ఊరికీ పుట్టుకలో ఏ సంబంధమూ లేదు. శతాబ్దాల తరబడి జనం నోళ్లలో పడి అరౌసియో అరిగింది, నారంజ్ కూడా అరిగింది. రెండూ అరిగి అరిగి చివరికి ఒకే చోట తేలాయి.

ఆ ఊరు ఒక చిన్న సంస్థానం. దాని ప్రభువు రెనే 1544లో యుద్ధంలో చనిపోయాడు. పిల్లలు లేరు. సంస్థానం జర్మనీలో ఉన్న పినతండ్రి కొడుకు విలియంకి వెళ్లింది. అప్పటికి ఆ అబ్బాయి వయసు పదకొండు. మీ పాప వయసే. ఇది క్లాసులో తప్పకుండా చెప్పమనండి, పిల్లలు చెవులు రిక్కిస్తారు. ఆ విలియమే పెద్దయ్యాక స్పెయిన్ రాజు మీద తిరుగుబాటు నడిపించాడు. 1584లో డెల్ఫ్ట్ పట్టణంలో హంతకుడి చేతిలో చనిపోయాడు. డచ్ జాతిపిత అని ఆయన్నే అంటారు. ఇప్పటి రాజవంశం పేరు 'ఒరాన్యె నస్సౌ' అందుకే. ఆ ఊరు మాత్రం 1713లో ఫ్రాన్స్ చేతికి వెళ్లిపోయింది. ఊరు పోయింది, పేరు మిగిలింది.

మరి రంగు? రంగు ఊరిది కాదు, పండుదే. వంశం పేరు, పండు పేరు ఒకేలా వినిపించాయి కాబట్టి ఆ పండు రంగు వంశానికి గుర్తు అయింది. తర్వాతి కాలంలో నారింజ చెట్టుని, నారింజ పండ్లని కూడా ఆ వంశం తన బొమ్మల్లో వాడుకుంది. కాబట్టి ఏప్రిల్ 27న మీ ఊరి వీధుల్లో జనం వేసుకునేది ఒక ఫ్రెంచ్ ఊరి పేరు కోసం ఒక భారతీయ పండు రంగు. మీ సహోద్యోగికి మర్యాదగా చెప్పండి: ఇంటిపేరు ఊరిదే, రంగు మాత్రం పండుదే అని. ఆయన బాధపడడు, అలాంటి సంగతులు వాళ్లకీ ఇష్టమే. ఇదే వంశానికి చెందిన మూడో విలియం 1689లో ఇంగ్లండ్ రాజు అయ్యాడు. ఐర్లండ్ జెండాలో ఆరెంజ్ పట్టీ ఉండటానికి కారణం ఆయన పక్షం వహించిన ప్రొటెస్టెంట్లు. అది పెద్ద కథ, పది నిమిషాల్లో పట్టదు, వదిలేయమనండి.

ఇక సీనాస్‌ఆపెల్. 'సీనా' అంటే చైనా, 'ఆపెల్' అంటే యాపిల్. చైనా యాపిల్ అన్నమాట. పాత యూరప్‌లో యాపిల్ అనే మాటని తెలియని ప్రతి గుండ్రటి కాయకీ తగిలించేవారు. డచ్‌లో బంగాళాదుంపని 'ఆర్దాపెల్', నేల యాపిల్ అనడం పాపకి తెలుసు. ముందే చెప్పాను కదా, అరబ్బులు తెచ్చింది చేదు నారింజ. డచ్‌వాళ్లు దాన్ని 'ఒరాన్యె ఆపెల్' అనేవారు. వాస్కో డ గామా 1498లో కాలికట్ చేరాక సముద్ర దారి తెరుచుకుంది. ఆ తర్వాత పోర్చుగీసు ఓడల్లో చైనా నుంచి మేలైన తియ్య నారింజలు వచ్చాయి. అంతకుముందు మధ్యధరా తీరంలో తియ్యవి కొద్దిగా ఉన్నా ఇవి రుచిలో వాటిని మించాయి. కొత్త పండుకి కొత్త పేరు కావాల్సి వచ్చింది. ఉత్తరాదివాళ్లు చైనా యాపిల్ అన్నారు: డచ్‌లో సీనాస్‌ఆపెల్, మీ పక్కనే బెల్జియంలో ఆపెల్‌సీన్, జర్మనీలో ఆప్ఫెల్‌జీనె, స్వీడన్, నార్వే, డెన్మార్క్‌లలో ఆపెల్‌సీన్, రష్యాలో అపెల్సీన్. తూర్పువాళ్లు తెచ్చినవాళ్ల దేశం పేరే పెట్టేశారు. గ్రీకులో పోర్తొకాలి, బల్గేరియాలో పోర్తొకాల్, రుమేనియాలో పోర్తొకాల, టర్కీలో పోర్తకాల్, అరబ్బీలో బుర్తుకాల్. ఇవన్నీ పోర్చుగల్ అనే దేశం పేరే. గ్రీకులో ఇప్పటికీ చేదు నారింజని 'నెరాంజి' అనే అంటారు. పాత పండుకి పాత మాట, కొత్త పండుకి కొత్త మాట. నారంగ్ అనే మాటని పడమటికి పంపిన పర్షియన్‌వాళ్లు కూడా తియ్య నారింజని 'పోర్తెకాల్' అంటున్నారు. పోర్చుగల్‌వాళ్లు మాత్రం తమ పండుని తమ దేశం పేరుతో పిలవరు, వాళ్లకి అది లరాన్‌జ.

మధ్య యూరప్‌ది ఇంకో దారి. పోలండ్‌లో పొమరాంచ, చెక్‌లో పొమెరాంచ్. ఇటాలియన్‌లో 'పోమో' అంటే యాపిల్ లాంటి పండు, దాని పక్కన అరాన్‌చా చేర్చితే వచ్చింది ఇది. జర్మన్‌లో చేదు నారింజని పొమెరాంత్సె అంటారు.

పాపకి ఒక సలహా. తన క్లాసులో టర్కీ, పోలండ్, సిరియా, స్పెయిన్ ఇలా రకరకాల ఇళ్ల పిల్లలు ఉండే ఉంటారు. మొదట్లోనే ఒక నారింజ పండు చేత్తో పట్టుకుని, 'మీ ఇంట్లో దీన్ని ఏమంటారు' అని ఒక్కొక్కర్నీ అడగమనండి. చెప్పిన మాటలన్నీ బోర్డు మీద రాయమనండి. 'న'తో మొదలైనవి ఒక పక్క, చైనా యాపిల్ ఒక పక్క, పోర్చుగల్ ఒక పక్క. అప్పుడు మ్యాప్ మీద దారి గీయడం తేలిక. ఇలా చేస్తే తను ఒంటరిగా నిలబడి ఏదో హక్కు సాధిస్తున్నట్టు ఉండదు, క్లాసులో అందరి ఇళ్లలోని మాటా పాఠంలోకి వస్తుంది. చివర్లో తన ఇంటి మాట తను చెబుతుంది. మీరు గమనించారో లేదో, పరాయి దేశంలో పెరిగే పిల్లకి 'మావాళ్లే గొప్ప' అని నిలబడి చెప్పడం చాలా కష్టం. 'మావాళ్లు కూడా ఇందులో ఉన్నారు' అనడం సుళువు. మన గర్వాన్ని పిల్లల భుజాల మీద పెట్టి పంపకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

రంగు పేరు గురించి కూడా రెండు ముక్కలు చెప్పమనండి, అది బాగుంటుంది. పండు రాకముందు ఇంగ్లిష్‌లో ఆ రంగుకి విడి పేరు లేదు, 'పసుపు ఎరుపు' అనేవారు. ఆరెంజ్‌ని రంగు పేరుగా వాడటం 16వ శతాబ్దంలో మొదలైంది. రాబిన్ పిట్ట రొమ్ము నిజానికి నారింజ రంగే అయినా దాన్ని ఎర్ర రొమ్ము పిట్ట అనడం అందుకే, ఆ పేరు పెట్టినప్పుడు వేరే మాట లేదు. తమిళంలో ఇప్పటికీ ఈ రంగుని సెమ్మంజళ్, ఎర్ర పసుపు అంటారు. మన ఆడవాళ్లు చీరల కొట్లో కనకాంబరం రంగు అంటారు. మీ అమ్మాయికి కనకాంబరాలు తెలియకపోతే ఒక ఫొటో చూపించండి.

ఏనుగు కథ వద్దు. మీరు ఉత్తరంలో రాయకపోయినా అదేంటో నాకు తెలుసు: ఏనుగు నారింజ పండ్లు తెగ తిని పొట్ట పగిలి చచ్చిపోయిందని, అందుకే సంస్కృతంలో ఆ చెట్టుకి ఆ పేరు వచ్చిందని. సంస్కృతంలో 'నాగరంగ' అనే రూపం కూడా ఉంది, నాగ అంటే ఏనుగు అనే అర్థమూ ఉంది. ఎవరో ఆ రెండూ పట్టుకుని కథ అల్లారు. అరువు తెచ్చుకున్న మాట అర్థం కానప్పుడు తెలిసిన ముక్కలుగా విరిచి కథ చెప్పుకోవడం ప్రతి భాషలోనూ జరుగుతుంది. నవ్వించడానికి చెప్పుకోండి, చరిత్రగా వద్దు.

ఇంతా చదివాక, అచ్చంగా తెలుగు నుంచే వెళ్లిన మాట ఒక్కటైనా లేదా అని మీకు అనిపించొచ్చు. ఉంది. బ్యాండికూట్. అది మన పందికొక్కు. ఇంగ్లిష్ నిఘంటువులు దాని పక్కన 'తెలుగు' అని స్పష్టంగా రాస్తాయి. 18వ శతాబ్దం చివర ఇంగ్లిష్‌లోకి వెళ్లింది. తర్వాత ఆస్ట్రేలియాలో కనిపించిన, పొట్టకి సంచి ఉండే ఒక చిన్న జంతువుకి అదే పేరు పెట్టారు. 1996లో వచ్చిన క్రాష్ బ్యాండికూట్ వీడియో గేమ్ పేరు మీ పాప క్లాసులో చాలామందికి తెలిసే ఉంటుంది. ఎవరైనా 'మీ భాష నుంచి మాకేం వచ్చింది' అని అడిగితే 'బహుశా' అనాల్సిన పని లేకుండా చెప్పగలిగిన జవాబు ఇది. నారింజ అంత అందంగా ఉండదు, నిజమే. కానీ పూర్తిగా మనది.

పళ్ల పేర్లలో డచ్‌వాళ్లకీ మనకీ మధ్య ఇంకో లావాదేవీ కూడా ఉంది. వాళ్లు పంపరపనసని 'పోంపెల్‌మూస్' అంటారు. పంపరపనస, పోంపెల్‌మూస్ పక్కపక్కన పలికి చూడండి. తమిళంలో పంబలిమాసు. ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందన్న వాదన ఇంకా తెగలేదు. డచ్‌వాళ్లు ఇప్పటి జకార్తాని ఏలినప్పుడు దాన్ని బటావియా అనేవారు. బెంగాలీలు పంపరపనసని బతాబి లేబు అనడం ఆ ఊరి పేరు మీదే, మన బత్తాయి కూడా అక్కడి నుంచే వచ్చిందని చెబుతారు. మొసాంబి వెనక మొజాంబిక్ ఉంది. ఇవి మీ ఆఫీసు భోజనాల బల్ల దగ్గరకి బాగా పనికొస్తాయి. పాప పది నిమిషాల్లోకి ఇరికించకండి.

చివరగా క్యారెట్. దీని జవాబు మీ అమ్మాయికే నేరుగా చెబుతున్నాను. క్యారెట్ మొదట ఊదా రంగులో, పసుపు రంగులో ఉండేదమ్మా. అఫ్ఘానిస్తాన్ ప్రాంతం నుంచి పడమటికి వచ్చింది. 17వ శతాబ్దానికి మీరుండే దేశంలో నారింజ రంగు క్యారెట్లు బాగా పండేవి. అక్కడి రైతులు వాటిని మేలు చేసి మంచి రకాలు తీశారు, అది నిజం. హోర్న్ అనే డచ్ ఊరి పేరుతో ఒక రకమే ఉంది. కానీ రాజవంశం మీద గౌరవంతోనే ఆ రంగు తెప్పించారని ఆ కాలపు కాగితం ఒక్కటీ చెప్పదు. వంశం పేరు, దుంప రంగు కలిసొచ్చాయి కాబట్టి తర్వాత వాళ్లు కట్టుకున్న కథ అది. క్లాసులో ఎవరైనా ఈ మాట తెస్తే, 'అలా చెప్పుకుంటారు, రుజువు లేదు' అను. మీ నాన్న చెప్పమన్న దాని గురించి నువ్వు అడిగిన ప్రశ్నే దీనికీ అడగాలి: ఎలా తెలుసు? ఆ ప్రశ్న అడిగినందుకు నిన్ను ఎవరూ కోప్పడకూడదు.